బియ్యం పైన జాగా

ఆ అక్టోబరులో నేను పన్నెండు రోజులు లారీ ఎక్కాను. మేము ఆ బండి కొని పదేళ్లు కావస్తున్నా, దాని ముందు సీట్లో కూర్చోవడం నాకదే మొదటిసారి.

మా ఆయన జనార్దన్ దగ్గర బస్తాలు దించే సెల్వం, వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే తంజావూరు వెళ్లిపోయాడు. దీపావళి రెండు వారాల్లో ఉంది. సింగపూర్‌లో మన సరుకులమ్మే కొట్లన్నీ ఏడాది మొత్తమ్మీద ఎక్కువగా తెప్పించుకునే రోజులవి. అంత తొందరలో కొత్త మనిషి దొరకలేదు. నాకు ఆఫీసులో పన్నెండు రోజుల సెలవు మిగిలి ఉంది.

“నువ్వు బస్తా ఎత్తొద్దు. బండి దగ్గరుండి, చీటీల మీద సంతకాలు పెట్టించు చాలు,” అన్నాడు జనార్దన్.

మొదటిరోజు పొద్దున్నే జురాంగ్ వెస్ట్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న గోడౌనుకు వెళ్లాం. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనభై ఎక్కించారు. పద్నాలుగడుగుల లారీ అది. ఎనభై బస్తాలూ పేర్చాక చూస్తే మోకాలి ఎత్తుకు కూడా రాలేదు. ఆ పైన కప్పు దాకా ఏమీ లేదు. నేను లోపల నిలబడి చెయ్యి పైకెత్తితేగాని కప్పు తగల్లేదు.

“పైనంతా ఖాళీగా ఉందేంటండీ?”

“బరువు నిండిపోయింది. రెండు టన్నులు దాటితే ఫైన్ వేస్తారు.”

“అయితే తేలికవి ఏవైనా...”

“తేలికవి ఎక్కడున్నాయే మన దగ్గర? మనం మోసేది బియ్యం, పప్పు, నూనె,” అని తలుపులు మూసి గొళ్లెం పెట్టాడు.

కానీ ఆ ఖాళీ నా కళ్లముందే నిలిచిపోయింది. ఎందుకంటే పదకొండేళ్లుగా నా ఉద్యోగమే అది. పాయా లేబర్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో కూర్చుని, చెన్నైకీ కొలంబోకీ వెళ్లే కంటైనర్లలో ఏ పెట్టె కింద ఉండాలి, ఏది పైన ఉండాలి, ఏది తలుపు దగ్గర ఉండాలి అని స్క్రీన్ మీద పేరుస్తుంటాను. అర మీటరు ఖాళీ మిగిలిందంటే మా మేనేజర్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడుతుంది. అలాంటి దాన్ని, ఇంట్లో ఉన్న బండి రోజూ ఎలా వెళ్తోందో పదేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఒకటి రెండుసార్లు అడగబోతే, “ఆఫీసు లెక్కలు వేరు, రోడ్డు మీద లెక్కలు వేరు” అన్నాడు జనార్దన్. నేనూ అక్కడితో ఊరుకున్నాను.

ఆ రోజు మొదటి దింపుడు ఊరికి ఉత్తరాన యీషున్‌లో సుధాకరరావు అంకుల్ కొట్టు. ముప్పై ఏళ్లుగా అక్కడే వ్యాపారం చేస్తున్న పెద్దాయన. అపార్ట్‌మెంటు బ్లాకు వెనక సరుకు దించే చోట అప్పటికే ఇంకో లారీ ఆగి ఉంది. దాని పక్కన హుస్సేన్ నిలబడి ఉన్నాడు.

హుస్సేన్‌ది హైదరాబాద్. ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని చేసేవాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆ ఉద్యోగం పోతే లారీ కొనుక్కున్నాడు. మా బ్లాకుకు రెండు బ్లాకుల అవతలే ఉంటారు. వాళ్లావిడ కనీజ్ ఫాతిమా నాకు బాగా తెలుసు. కానీ మగవాళ్లిద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. యీషున్‌లోనే ఒక హోటలువాళ్లు జనార్దన్‌ని వదిలేసి హుస్సేన్‌కి పని ఇచ్చారు. హుస్సేన్ రేటు తగ్గించి తన ఖాతా లాక్కున్నాడని జనార్దన్ మనసులో ఉండిపోయింది.

హుస్సేన్ లారీ తలుపు తీయగానే ఒక అట్టపెట్టె జారి కిందపడబోయింది. ఒంటి చేత్తో పట్టుకున్నాడు. లోపల కప్పు దాకా కుక్కి ఉన్నాయి: పేపరు ప్లేట్లు, గ్లాసులు, మరమరాలు, అప్పడాలు.

“సలాం భాభీ. ఇయ్యాల మీరొచ్చిండ్రా?” అన్నాడు నన్ను చూసి.

“సెల్వం ఊరెళ్లాడు. మీ బండి నిండుగా ఉందే.”

“నిండుడు నిండుడే గానీ, అంతా కలిపి నాలుగొందల కిలోలు గూడ లేదు. మరమరాలకేం బరువుంటది? జాగనే సరిపోతలేదు. రోజుకు రెండుసార్లు తిరగాల్సొస్తుంది.”

జనార్దన్ అటు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు. లోపలికి ముందు ఎవరి సరుకు తీసుకోవాలో సుధాకరరావు అంకుల్ తేల్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండు బండ్లూ ఒకే కొట్టు ముందు, రెండూ ఒకే చోటు నుంచి వచ్చినవే. మిగతా కొట్ల దింపుళ్లూ అయ్యాక రెండూ ఒకే దారిన ఖాళీగా వెనక్కి బయల్దేరాయి. ఎక్స్‌ప్రెస్‌వే మీద మా వెనక డబ్బా గడగడలాడుతుంటే, అద్దంలో హుస్సేన్ బండి కనిపిస్తూనే ఉంది.

“రోజూ ఇలా ఖాళీగానే వస్తారా?” అని అడిగాను.

“అక్కణ్ణుంచి తేవడానికి ఏముందని?”

ఆ రోజు నుంచి నేను డైరీలో రాయడం మొదలుపెట్టాను. ఎన్ని బస్తాలు, ఎంత ఎత్తు, ఎంత దూరం నిండుగా, ఎంత దూరం ఖాళీగా, ఏ కొట్టు దగ్గర ఎంతసేపు ఆగాం. నాలుగో రోజుకు విషయం అర్థమైపోయింది. డీజిల్ ఎంత పోస్తున్నామన్నది కాదు అసలు సంగతి. బండి నిండినా నిండకపోయినా డీజిల్, ఇన్సూరెన్సు, పార్కింగు ఒకటే. ఆ ఖర్చు ఎన్ని ఎక్కువ పెట్టెలు పంచుకుంటే ఒక్కో పెట్టె మీద అంత తక్కువ పడుతుంది. మా బండిలో ఆ ఖర్చంతా ఎనభై బస్తాల మీదే పడుతోంది. వెనక్కి వచ్చేటప్పుడు అసలు పంచుకునేవే లేవు.

రాత్రి భోజనాల దగ్గర నేనిది చెబుతుంటే మా అమ్మాయి నిఖిల పకపకా నవ్వింది. దానికి పదిహేడు, పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది. ఇక్కడివాళ్లలాగే మాట చివర ‘లా’ అనో ‘అహ్’ అనో తగిలిస్తుంది.

“సో యూ ఆర్ డెలివరింగ్ ఎయిర్ లా, నాన్నా.”

జనార్దన్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. “ఏంటీ?”

“గాలి మోస్తున్నారు అంటోంది,” అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది.

“ఆ గాలి మోసే నిన్ను ఇంత చదివించాను,” అన్నాడు. గొంతు పెంచలేదు. కంచం తీసుకుని వెళ్లి కడుక్కున్నాడు. నిఖిల నా వైపు చూసి, “ఐ వాజ్ జోకింగ్,” అంది నెమ్మదిగా.

ఆయన కోపానికి కారణం వేరే ఉంది. ఈ దేశంలో బండి కొన్న పదేళ్లకు దాని అనుమతి తీరిపోతుంది. సీవోఈ అంటారు. మళ్లీ డబ్బు కట్టి పొడిగించుకోవాలి, లేదంటే బండి అప్పగించేయాలి. మా లారీకి డిసెంబరు ఆఖరుతో పదేళ్లు నిండుతాయి. ఐదేళ్లు పొడిగించాలంటే నిఖిల యూనివర్సిటీ చదువుకని దాచింది తీయక తప్పదు. తీయాలని ఆయన అప్పటికే నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. నిఖిలకు తెలియదు.

దీపావళికి ముందు గురువారం. ఆకాశం పొద్దున్నుంచే నల్లగా ఉంది. గోడౌనులో మేము ఆ రోజుకు అరవై బస్తాల బియ్యమే ఎక్కించుకుని బయల్దేరబోతుంటే, పక్క వాకిలి దగ్గర హుస్సేన్ తన లారీ తలుపుల్ని భుజంతో నెడుతున్నాడు. మూసుకోవడం లేదు. తీసి, సర్ది, మళ్లీ నెట్టాడు. చివరికి కొన్ని పెట్టెలు దించేశాడు. నేల మీద నలభై అప్పడాల పెట్టెలు మిగిలాయి. ఫోనులో అవతలివాళ్లకు ఏదో నచ్చజెబుతున్నాడు.

“పన్నెండు లోపల ఎట్లొస్త సార్? ఇది దింపి మళ్ల రావాలె గద. జర అర్థం చేస్కోండి.”

అవి కూడా యీషున్‌కే. సుధాకరరావు అంకుల్ పక్క వీధిలో కొట్టుకి. నాకు తెలుసు. జనార్దన్‌కీ తెలుసు. నేను ఆయన మొహం చూడకుండా సీటు బెల్టు పెట్టుకున్నాను. ఇంజను ఆన్ చేశాడు. చినుకులు మొదలయ్యాయి. వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి.

ఇంజను ఆపేసి కిందికి దిగాడు.

“ఆ పెట్టెలు ఇటు ఇవ్వండి,” అన్నాడు హుస్సేన్‌తో. “తడిస్తే అప్పడాలు పనికిరావు.”

హుస్సేన్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాడు.

“బస్తాల మీద అట్ట పరిచి పెడదాం. ఏమీ కాదు,” అన్నాడు జనార్దన్ మళ్లీ.

ఇద్దరూ కలిసి ఎక్కించారు. ఒకరికొకరు పెట్టెలు అందించుకున్నారేగాని వేరే మాటేమీ అనుకోలేదు. నలభై పెట్టెలూ పట్టాక ఇంకా జాగా ఉంది. జనార్దన్ ఆ జాగా వైపు ఒక క్షణం చూసి, హుస్సేన్ బండిలోంచి ఇంకో పాతిక పేపరు ప్లేట్ల కట్టలు కూడా లాగాడు.

“ఆ తలుపు అంత గట్టిగా నొక్కకండి. కీళ్లు పోతాయి,” అన్నాడు.

ఆ రోజు అన్నీ పన్నెండు లోపలే దిగాయి. అవతలి వారం ఒకరోజు మధ్యాహ్నం హుస్సేన్ మా బండి దగ్గరకొచ్చి కిటికీలోంచి డబ్బు కవరు అందించబోయాడు. జనార్దన్ తీసుకోలేదు. “ఎలాగూ వెళ్లే బండే కదా,” అన్నాడు.

పండుగ అయిపోయింది. నేను ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాను. సెల్వం ఫోను చేసి, అమ్మ దగ్గరే ఉండిపోతానని, అక్కడే పని చూసుకున్నానని చెప్పాడు. నవంబరు వానలు పట్టుకున్నాయి. ఒక ఆదివారం డైరీ ముందేసుకుని, నా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో చేసినట్టే రెండు లారీల సరుకూ కలిపి పేర్చి చూశాను. కనీజ్‌ని అడిగితే వాళ్ల దింపుళ్ల జాబితా కూడా పంపింది; హుస్సేన్ రెండో ట్రిప్పులో బండి సగం కూడా నిండదు. బియ్యం కింద, తేలికవి పైన. నేను ఆశించింది ఒకటి, వచ్చింది ఒకటి. సరుకు కలిపితే రెండు బండ్లూ నిండుతాయని అనుకున్నాను. కానీ నిండడానికి ఒక్క బండే చాలు. పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు. రెండో బండి అక్కర్లేదు.

మూడుసార్లు మార్చి మార్చి చూశాను. అదే జవాబు. హుస్సేన్ బండి అనుమతి ఇంకా ఆరేళ్లుంది. మాది ఆరు వారాలుంది. ఏది ఉండాలో, ఏది పోవాలో చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

జనార్దన్ ఆదివారం ఆదివారం లారీ కడుగుతాడు. కిందికి వెళ్లాను. ముందు అద్దానికి సబ్బు పట్టిస్తున్నాడు. నేను చెప్పిందంతా చేతులాపకుండా విన్నాడు.

“ఇంకోసారి చెప్పు,” అన్నాడు.

మళ్లీ చెప్పాను.

“అంటే నేను హుస్సేన్ దగ్గర డ్రైవర్నవ్వాలి.”

“ఇద్దరూ సగం సగం. ఖాతాలు ఎవరివి వాళ్లవే. ఖర్చు ఒక్క బండిది.”

“బండి మాత్రం అతనిది.”

“సగం మనం కొనుక్కుందాం. మనం పొడిగింపుకి కట్టాలనుకున్న దాంట్లో మూడో వంతు కూడా కాదు. నిఖిల డబ్బు ముట్టుకోనక్కర్లేదు.”

ఆయన పైపు తీసుకుని అద్దం మీద నీళ్లు కొట్టాడు. సబ్బు కారిపోయింది. అద్దం వెనక డాష్‌బోర్డు మీద పదేళ్లుగా ఎండకు వెలిసిపోయిన వినాయకుడి బొమ్మ ఉంది.

“షిప్‌యార్డులో ఉన్నప్పుడు తొమ్మిదేళ్లు ఒకడి కింద చేశాను, అరుణా,” అన్నాడు. “ఇది కొన్నాక ఒక్కరోజు కూడా ఎవరికీ సార్ అనలేదు.”

పైకి వచ్చేశాను.

నాలుగు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తప్పు చేశానా అనిపించింది. ఆయన ఇన్నాళ్లూ నిలబెట్టుకున్నదాన్ని ఒక జాబితాలో గీత కొట్టి తీసేసినట్టయింది. ఐదో రోజు ఆఫీసులో ఉండగా కనీజ్ ఫాతిమా ఫోను చేసింది.

“అరుణక్కా, భాయ్ పొద్దుగాల్నే గోడౌన్‌కొచ్చి మా బండి లోపల టేపు పెట్టి కొలుస్తుండంట. మా ఆయనకేం జెప్పలేదంట. ఆయన పరేషానైతుండు. ఏమైందక్కా?”

“ఏమీ కాలేదు. కొలవనివ్వు,” అన్నాను. నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

ఆ శనివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. కనీజ్ చాయ్ పెట్టింది. జనార్దన్ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. నేను వేసింది కాదు. తన చేతిరాతతో మళ్లీ మొత్తం వేసుకున్నాడు. పైగా నాకు తెలియనివి చేర్చాడు: ఏ కొట్టు పదింటి లోపల తెరవదు, ఏ బ్లాకు వెనక ఇద్దరు మనుషులుంటేనే ఆపడం కుదురుతుంది, ఏ నూనె డబ్బాలు చివరి దాకా కదలకూడదు.

“ఒకళ్లు బండిలో ఉంటే, ఒకళ్లు దింపొచ్చు. పార్కింగు ఫైన్లు ఉండవు,” అన్నాడు.

హుస్సేన్ కాగితం చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి, “భాయ్, ఒక్కటి చెప్పాలె. ఆ హోటలోళ్ల ముచ్చట,” అన్నాడు.

“అదిప్పుడెందుకు?”

“లేదు, చెప్పనియ్యండి. నేను రేటు తగ్గించలే. ఒక్క పెట్టెకు మీరు ఎక్కువ అడుగుతున్నరని వాళ్లే వచ్చిండ్రు. నాకు కొత్త గద, ఎంతైతదో తెల్వక ఒప్పుకున్న.”

“ఒక్క పెట్టె కోసం యీషున్ దాకా వెళ్తే అంతే అవుతుంది మరి.”

“నాకూ అంతే అయితుంది. మూడేండ్ల సంది సొంత డబ్బులు పెట్టి ఏస్తున్న వాళ్లకు. ఎవరికి చెప్పుకోవాలె?”

కనీజ్ ఉలిక్కిపడి భర్త వైపు చూసింది. ఆ సంగతి ఆమెకూ తెలియదని అర్థమైంది. జనార్దన్ చాయ్ కప్పు కింద పెట్టాడు. ఆయన పెదవి చివర సన్నగా కదిలింది.

“మూడేళ్లు నేను తిట్టుకుంటున్నది ఆ నష్టం నాకు రాలేదనా?” అన్నాడు.

హుస్సేన్ నవ్వాడు. మేమందరం నవ్వాం. నవ్వు ఆగాక హుస్సేన్ గొంతు సవరించుకుని, “భాయ్, మీరు పదేండ్ల సంది ఉన్నరు. మీ బండే ఉంచుదాం. నాది అమ్మేస్త. కట్టాల్సింది ఇద్దరం కలిసి కడదాం,” అన్నాడు.

ఆ మాట అనడానికి అతనికేం అవసరం లేదు. లెక్క ప్రకారం అది తప్పు కూడా. నేను జనార్దన్ వైపు చూశాను.

“నీ బండికింకా ఆరేళ్లుంది. ఉన్నదాన్ని అమ్ముకుంటామా,” అన్నాడు. మొదటిసారి అతన్ని ‘నువ్వు’ అన్నాడు. “పొద్దున ట్రిప్పు మాత్రం నేనే నడుపుతాను.”

“నడపండి భాయ్. నాకు పొద్దున లేవాలంటేనే కష్టం.”

డిసెంబరు ఇరవై తొమ్మిదిన లారీని అప్పగించాం. జనార్దన్ ఒక్కడే వెళ్తానన్నాడు. నిఖిల ఒప్పుకోలేదు. ముందు సీట్లో వాళ్లిద్దరి మధ్యలో నేను. వెనక పూర్తిగా ఖాళీ. వాన లేదు. యార్డులో ఒక చైనీస్ పెద్దాయన కాగితాలు చూసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, “వెరీ క్లీన్ అహ్, అంకుల్. పదేళ్లంటే నమ్మలేం,” అన్నాడు ఇంగ్లీషులో. జనార్దన్ తలూపాడు. తాళాలు ఇచ్చాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వెళ్లి, చేతి రుమాలుతో డ్రైవరు పక్క అద్దం తుడిచాడు. నిఖిల ఆయన చేయి పట్టుకుంది. పాలిటెక్నిక్‌లో చేరాక అది అలా చేయడం నేను చూడలేదు. తిరిగి ట్రైన్‌లో వచ్చాం. దార్లో, చదువు డబ్బు విషయం ఆయనే దానికి చెప్పాడు: తీద్దామనుకున్నానని, తీయలేదని. అది కిటికీలోంచి చూస్తూ, “యూ షుడ్ హావ్ టోల్డ్ మీ, నాన్నా,” అంది. ఆ తర్వాత మెల్లగా, “సారీ,” అని కలిపింది. ఆ రోజు అన్న గాలి మాటకని ఇద్దరికీ తెలుసు.

జనవరి మొదటి వారం కష్టంగానే గడిచింది. రెండు కొట్లవాళ్లు సరుకు తారుమారైందని కేకలేశారు. ఒకరోజు నూనె డబ్బా కారి మరమరాల పెట్టెలు ఆరు పాడయ్యాయి. అప్పటి నుంచి నూనెకు విడిగా ఒక మూల కట్టారు. రెండో వారానికి ఇద్దరూ చీటీ చూడకుండానే ఎక్కించుకుంటున్నారు. సుధాకరరావు అంకుల్ నాకు ఫోను చేసి, “ఏం అమ్మాయ్, ఇద్దరూ ఒకే బండిలోంచి దిగారు, నా కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను,” అన్నాడు.

మూడో వారంలో జనార్దనే ఇంకో పని పట్టుకొచ్చాడు. యీషున్ దగ్గర పచ్చళ్లు, కారప్పొడులు చేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. వాళ్ల సరుకు జురాంగ్ వైపు కొట్లకు చేరాలి. దానికోసం వాళ్లు వేరే బండి పిలుస్తుండేవాళ్లు. ‘మేము రోజూ అటే ఖాళీగా పోతున్నాం’ అని ఈయనే లోపలికెళ్లి అడిగాడట. ఎవరి దగ్గరికీ వెళ్లి పని అడిగే మనిషి కాదు. హుస్సేన్ ఆ ముచ్చట నాకు చెబుతూ, “భాయ్ ఇంగ్లీషు జోరుగుంది భాభీ,” అన్నాడు.

ఆ శుక్రవారం నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. నాలుగున్నరకు తలుపు తీసుకుని జనార్దన్ లోపలికి వచ్చాడు. లారీ కొన్నాక ఆ వేళకు ఇంటికి రావడం అదే మొదలు. చెప్పులు విప్పి, హాల్లో నిలబడి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు చుట్టూ చూశాడు. నిఖిల గదిలోంచి బయటికొచ్చింది.

“వై ఆర్ యూ హోమ్? సిక్ అహ్?”

“లేదు. పని అయిపోయింది.”

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎండ ఇంకా ఉండగా తండ్రీ కూతుళ్లు ఏం మాట్లాడుకుంటారో వాళ్లకే తెలియలేదు. చివరికి నిఖిలే, “పరాటా తిందామా? కింద కొత్త స్టాల్ వచ్చింది,” అంది.

“పద,” అన్నాడు, ఇప్పుడే విప్పిన చెప్పులు మళ్లీ వేసుకుంటూ.

నేను లాప్‌టాప్ అలాగే వదిలేసి కారిడార్‌లోకి వచ్చాను. తొమ్మిదో అంతస్తు నుంచి వాళ్లు చిన్నగా కనిపిస్తున్నారు. నిఖిల చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది. ఆయన నడక తగ్గించి, తల దాని వైపు వంచి వింటున్నాడు. రోడ్డు దాటేటప్పుడు కూడా ఆ మాటలు ఆగలేదు.